సబ్సిడీని ఆదాయంలో కలిపి లెక్క వేయకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ బావగారు ఒక కొరియా కంపెనీతో కలిసి అచ్యుతాపురం దగ్గర యంత్ర భాగాల యూనిట్ పెట్టాలనుకుంటున్నారు. సరుకులో ఎక్కువ భాగం కొరియాకే వెళ్తుంది. పన్ను మినహాయింపులు, ప్రభుత్వ ప్రోత్సాహకాలు కలిపితే నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందని కన్సల్టెంట్ రిపోర్టు ఇచ్చాడు. అది నమ్మొచ్చా అని అడిగారు.

యూనిట్ పెట్టమనే చెబుతాను. ఆ నాలుగేళ్ల లెక్క మాత్రం నమ్మకండి.

నేను 1998లో విశాఖ దగ్గర దువ్వాడ ఎగుమతుల జోన్‌లో ఒక విదేశీ కంపెనీ యూనిట్‌లో అకౌంట్స్ అసిస్టెంటుగా చేరాను. తర్వాత అదే గ్రూపు జోన్ బయట పెట్టిన ఇంకో ఫ్యాక్టరీకి మారి, అక్కడే రిటైరయ్యాను. జోన్ లోపలి రాయితీలు, బయటి యూనిట్లకు రాష్ట్రం ఇచ్చే రాయితీలు, రెండు రకాల ఫైళ్లూ నా చేతుల మీదుగానే నడిచాయి.

ముందు ఆదాయపు పన్ను సంగతి. సెజ్‌లో, అంటే ప్రత్యేక ఆర్థిక మండలిలో పెడితే ఎగుమతి లాభంపై మొదటి ఐదేళ్లు పూర్తిగా, తర్వాతి ఐదేళ్లు సగం పన్ను ఉండదని మీ రిపోర్టులో ఉందన్నారు. అది పాత క్యాలెండర్. కొత్త యూనిట్లకు ఆ తలుపు 2020లోనే మూసేశారు. కోవిడ్ వల్ల గడువు కొంత పొడిగించారు, అంతే. కొత్త తయారీ కంపెనీలకు ఇచ్చిన 15 శాతం రేటు కూడా 2024 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలుపెట్టినవాళ్లకే. ఇప్పుడు మిగిలింది 22 శాతం రేటు. సర్‌ఛార్జి, సెస్సు కలిపితే 25 దాటుతుంది. అది కూడా ఇక్కడ రిజిస్టరైన కంపెనీకే. వాటాలన్నీ కొరియా వాళ్లవే అయినా ఫర్వాలేదు. అలా కాకుండా వాళ్లు తమ బ్రాంచిగా నడిపితే విదేశీ కంపెనీ రేటు 35 శాతం పడుతుంది. రాయితీల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

సెజ్‌లో ఇప్పటికీ పనికొచ్చేది యంత్రాలు, ముడిసరుకు సుంకం లేకుండా తెచ్చుకోవడం. దానికీ షరతులున్నాయి. ఐదేళ్ల మొత్తం మీద తెచ్చిన విదేశీ మారకం ఖర్చు పెట్టినదాని కంటే ఎక్కువ ఉండాలి. దేశంలో అమ్మితే ఆ సరుకు విదేశం నుంచి వచ్చినట్టే లెక్కగట్టి కస్టమ్స్ సుంకం వేస్తారు. నేను దువ్వాడ జోన్‌లో ఉండగా ఒకసారి విదేశీ ఆర్డర్లు పడిపోయి హైదరాబాద్ నుంచి మంచి ఆర్డరు వచ్చింది. సుంకం కలిపి ధర చెప్పేసరికి ఆ పార్టీ మళ్లీ ఫోన్ ఎత్తలేదు. గేటు అవతల ఉన్న మార్కెట్‌కి సరుకు పంపలేక మేం గేటు లోపల కూర్చున్నాం.

ఇక రాష్ట్రం ఇచ్చేవి. పెట్టుబడి సబ్సిడీ, కరెంటు ఛార్జీల వాపసు, స్టాంపు డ్యూటీ వాపసు, రాష్ట్ర జీఎస్టీ వాపసు. ఇందులో 'వాపసు' అన్న మాట గమనించండి. ముందు మీరు కట్టాలి, తర్వాత అడగాలి. మీ రిపోర్టులో జీఎస్టీ వాపసు కింద పెద్ద అంకె వేశారు చూశారా, నాకు నవ్వొచ్చింది. ఎగుమతి మీద జీఎస్టీ సున్నా. వేరే రాష్ట్రానికి అమ్మితే పడేది ఐజీఎస్టీ, అంటే కేంద్రం వసూలు చేసే అంతర్రాష్ట్ర జీఎస్టీ. మన రాష్ట్రంలో అమ్మి, రాష్ట్ర జీఎస్టీ కడితేనే కదా వాపసు అడిగేది! సరుకంతా కొరియా వెళ్తుంటే ఏం వాపసు తెస్తాడో ఆ కన్సల్టెంట్‌నే అడగండి. చెరువులో గేదెను పెట్టి బేరమాడినట్టుంది.

కరెంటు వాపసు మాటకొస్తే, మా రెండో ఫ్యాక్టరీలో 2014లో 38 లక్షలకు క్లెయిమ్ పెట్టాం. ఏడాది లోపే మంజూరు పత్రం వచ్చింది. స్వీట్లు కూడా పంచాం. డబ్బు పడింది 2018లో. ఈ నాలుగేళ్లూ మూడు నెలలకోసారి మా హెడ్డాఫీసు నుంచి "వచ్చిందా?" అని మెయిల్ వచ్చేది. "మంజూరైంది, విడుదల కాలేదు" అని రాసేవాణ్ణి. ఈ రెండింటికీ తేడా ఏమిటో వాళ్లకు చివరిదాకా అర్థం కాలేదు. మంజూరంటే క్యూలో టోకెన్ ఇచ్చినట్టు. బడ్జెట్ విడుదలైనప్పుడు వరుస ప్రకారం ఇస్తారు. ఆ లోటు పూడ్చడానికి బ్యాంకులో తెచ్చిన ఓవర్‌డ్రాఫ్ట్‌కి 12 శాతం వడ్డీ. నాలుగేళ్లకు 18 లక్షలు దాటింది. అంటే వచ్చిన సబ్సిడీలో దాదాపు సగం బ్యాంకుకే పోయింది.

ఈ ఆలస్యం మాట పైవాళ్లకూ తెలిసినట్టే ఉంది. 2025 నవంబరులో మన విశాఖలో జరిగిన సీఐఐ (పరిశ్రమల సమాఖ్య) సదస్సులో ప్రోత్సాహకాల కోసం ఎస్క్రో ఖాతా, అంటే ఆ డబ్బు విడిగా పక్కన పెట్టే ఖాతా పెడతామని ముఖ్యమంత్రి చెప్పారు. మంచిదే. అయినా మీ బ్యాంకు వాయిదా ఎస్క్రో కోసం ఆగదు కదా.

"టీసీఎస్‌కి 99 పైసలకే 21 ఎకరాలు ఇచ్చారుగా, గూగుల్‌కి అన్ని రాయితీలు ఇచ్చారుగా" అని మీ బావగారు అన్నారట. అవి వేల కోట్ల పెట్టుబడికి కేబినెట్‌లో పెట్టి విడిగా తీసుకున్న నిర్ణయాలు. మీరు అడిగేది మామూలు పాలసీలో ఉన్న రేటు. పరిశ్రమలకు స్థలాలిచ్చే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ ధరకే స్థలం కొనుక్కోవాలి. పెద్దవాళ్లకైనా అన్నీ దక్కుతాయనేం లేదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్ 13,000 ఉద్యోగాలిస్తానంటే ఆ రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు ఒప్పుకుంది. ఉద్యోగాలు రాలేదు. 2021లో ఒప్పందాన్ని 8 కోట్ల డాలర్లకు కుదించారు. మీ మంజూరు పత్రంలోనూ ఉద్యోగాల షరతు ఉంటే ఆ అంకె దగ్గర కళ్లద్దాలు పెట్టుకుని చదవండి.

బ్రాండిక్స్ అనే శ్రీలంక కంపెనీ అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో దుస్తుల పార్కు పెట్టింది. రాయితీలు అందరూ చెబుతారు గానీ, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పనికొచ్చే ఆడపిల్లలు, దగ్గర్లో రెండు పోర్టులు లేకపోతే ఆ పార్కు అక్కడ నిలబడేది కాదని నా అభిప్రాయం. మీ కొరియా వాళ్లకూ పోర్టు ఛార్జీలు, కరెంటు, మనుషులు గిట్టుబాటవుతాయా అన్నదే అసలు ప్రశ్న.

కన్సల్టెంట్‌తో ఇంకో షీటు వేయించండి. సబ్సిడీ గడులన్నిటిలో సున్నా పెట్టమనండి. అప్పుడూ వాయిదాలు కట్టగలిగితే ముందుకెళ్లండి. కొరియా నుంచి డబ్బు వచ్చాక 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో రిజర్వు బ్యాంకుకి ఆ షేర్ల వివరాలతో ఎఫ్‌సీ-జీపీఆర్ అనే ఫారం వేయాలి. ఇది మర్చిపోయి జరిమానా కట్టినవాళ్లు నాకు తెలుసు. తర్వాత సబ్సిడీ అడిగేటప్పుడు పనికొచ్చే స్థలం రిజిస్ట్రేషన్ రసీదులు, మొదటి కరెంటు బిల్లు, మొదటి అమ్మకం బిల్లు ఒరిజినల్స్ విడిగా ఒక ఫైల్లో పెట్టి తాళం వేయండి. మా మొదటి అమ్మకం బిల్లు ఒరిజినల్ కోసం నేను గోడౌన్‌లో రెండు ఆదివారాలు వెతికాను.