గ్లోబల్స్ తీసే పనిలో ఉన్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ సర్వర్ కోడ్ చూశాను. ఒక్క క్లయింట్ ఉంటే బ్రహ్మాండంగా నడుస్తోంది, ఇద్దరు ఒకేసారి వస్తే ఒకరి జవాబు ఇంకొకరికి పోతోంది. నువ్వు అనుమానించింది నిజమే, గ్లోబల్ వేరియబుల్సే, అంటే ప్రోగ్రామంతా పంచుకునే వేరియబుల్సే కారణం.

అన్నిటికీ మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే రానిచ్చే లాక్) తగిలిద్దాం అన్నావు. వద్దు. ఒక థ్రెడ్ (ఒకే ప్రోగ్రామ్‌లో మిగతావాటితో పాటు నడిచే పని) లాక్ వేసి, ప్రస్తుత యూజర్ పేరు గ్లోబల్‌లో రాసి, లాక్ తీసిందనుకో. అది మళ్లీ చదివేలోపు రెండో థ్రెడ్ కూడా పద్ధతిగానే లాక్ వేసి తన యూజర్ పేరు రాసేస్తుంది. డేటా రేస్ (లాక్ లేకుండా ఒకరు రాస్తుండగా ఇంకొకరు అదే చోటును తాకడం) లేదు కాబట్టి, దాన్ని పట్టుకునే టూల్ థ్రెడ్ శానిటైజర్ కిక్కురుమనదు, కానీ జవాబు తప్పు. రిక్వెస్ట్ మొదటి నుంచి చివరిదాకా లాక్ పట్టుకుంటే తప్పు పోతుందనుకో, అప్పుడు ఇన్ని థ్రెడ్లు ఎందుకు?

కనెక్షన్‌కి ఒక స్ట్రక్ట్ (కొన్ని వేరియబుల్స్‌ని ఒకచోట కట్టిన మూట) చెయ్యి. రీడ్ బఫర్, పార్సర్ (మెసేజ్‌ని చదివి విడదీసే కోడ్) ఎక్కడిదాకా వచ్చిందో ఆ గుర్తు, లాగిన్ అయిన యూజర్, చివరి ఎర్రర్, అన్నీ అందులోకే. కనెక్షన్ యాక్సెప్ట్ అవగానే ఆ స్ట్రక్ట్‌కి మెమరీ కేటాయించి, ప్రతి ఫంక్షన్‌కీ మొదటి ఆర్గ్యుమెంట్‌గా దాని పాయింటర్ (మెమరీలో దాని చిరునామా) ఇవ్వు. సీ లైబ్రరీలో వాక్యాన్ని ముక్కలు చేసే ఫంక్షన్ స్ట్ర్‌టాక్ తాను ఆగిన చోటును తన లోపలే దాచుకుంటుంది, స్ట్ర్‌టాక్_ఆర్ ఆ గుర్తును మన చేతికే ఇస్తుంది. నువ్వు చేయాల్సిందీ అదే. కాన్ఫిగ్ లాంటివి, మొదట్లో ఒకసారి చదివి ఇక మార్చనివి, గ్లోబల్‌గా ఉన్నా నష్టం లేదు.

గ్లోబల్స్ ముందు ‘థ్రెడ్ లోకల్’ (ఒక్కో థ్రెడ్‌కి ఒక్కో కాపీ) అని చేరిస్తే పోలా అనిపిస్తుంది. సీ లైబ్రరీ ఎర్రర్ నంబర్ ఉంచే ఎర్ర్‌నోకి అది సరిపోయింది, నీకు సరిపోదు. నీ ఈపోల్ (ఏ కనెక్షన్లో కబురొచ్చిందో లినక్స్ చెప్పే సదుపాయం) లూప్‌లో ఒకే థ్రెడ్ బోలెడు కనెక్షన్లు చూస్తోంది. ఒకరి మెసేజ్ సగం వచ్చి ఆగగానే, రెండోవాళ్ల బైట్లు అదే బఫర్‌లో పడతాయి.

దాక్కున్న స్టాటిక్‌లు (ఫంక్షన్ లోపలో ఫైల్ లోపలో ఉండి గ్లోబల్‌లా విలువ నిలుపుకునేవి) కంటితో వెతకకు. కంపైలయ్యాక వచ్చే ఆబ్జెక్ట్ ఫైళ్ల మీద ఎన్‌ఎం (వాటిలోని పేర్లు చూపే టూల్) నడుపు, బీ, డీ అక్షరాలతో వచ్చేవన్నీ, అంటే మార్చగలిగే వేరియబుల్స్, చూడు. ఒక్కొక్కటే స్ట్రక్ట్‌లోకి మార్చి కంపైల్ చెయ్యి, ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నావో కంపైలరే చూపిస్తుంది. విసుగు పుట్టించే పనే.

నాకు అసలు భయం ఆ స్ట్రక్ట్ మెమరీని ఫ్రీ చేసే (తిరిగి వదిలేసే) చోట. కనెక్షన్ మూసేటప్పుడు దాని టైమర్లు రద్దు చేసి, ఈపోల్ నుంచి తీసెయ్యి. అయినా వెంటనే ఫ్రీ చేయకు. ఈపోల్ నుంచి ఇప్పటికే చేతికొచ్చిన ఈవెంట్ల జాబితాలో ఆ పాయింటర్ ఇంకా ముందు ఉండొచ్చు. ‘మూసేశాం’ అని ఫ్లాగ్ పెట్టి, ఆ జాబితా మొత్తం అయ్యాక ఫ్రీ చెయ్యి. ముందు పార్సర్ ఫైల్ మార్చి పంపు, చూస్తాను.

మీ అన్న