కూర్చుంటే బీపీ మామూలే, లేస్తేనే కళ్ళు బైర్లు

ప్రశ్న: మా నాయనకు 64 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, బీపీ మాత్రలు కూడా వేసుకుంటారు. పోయిన నెల తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లో మూడు గంటలు కూర్చున్నాక గేటు తీయగానే అందరితో పాటు లేచారు, రెండడుగులు వేసేలోపే కళ్ళు బైర్లు కమ్మి ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడిపోయారు. చిత్తూరులో చూపిస్తే 130/80, ఏమీ లేదన్నారు. ఇంకో డాక్టరు వేలికి పట్టీ వేసి చేసే అటానమిక్ టెస్టు రాశారు. సూదులు గుచ్చుతారేమోనని నాయనకు టెన్షన్. అందులో ఏం తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: సూది లేదమ్మా, కోతా లేదు, ముందు ఆ మాట నాన్నగారికి చెప్పండి.

ఆ 130/80 ఆయన్ని కూర్చోబెట్టి చూసింది. ఇబ్బంది వచ్చిందేమో లేచినప్పుడు. మనం లేవగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది. మెడలోని పెద్ద రక్తనాళాల్లోనూ గుండె పైనున్న బృహద్ధమనిలోనూ ఉండే నరాల కొనలు ఒత్తిడి తగ్గిందని పసిగట్టి మెదడుకు చెబితే, మెదడు గుండెను వేగంగా కొట్టుకోమని, రక్తనాళాలను బిగుసుకోమని హెచ్చరిస్తుంది, ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోవాలి. మన ప్రమేయం లేకుండా ఈ పని చేసే నరాలనే అటానమిక్ నరాలంటారు, టెస్టు చూసేది వీటినే. షుగర్ ఏళ్ళ తరబడి ఉంటే ఈ నరాలే దెబ్బతినొచ్చు.

జబ్బకు కట్టే పట్టీ గాలి నిండి దిగి ఒక్క రీడింగ్ చెప్పేసరికే అర నిమిషం పోతుంది, ఆలోపు పడాల్సిన బీపీ పడి లేస్తుంది కూడా. అందుకే వేలి పట్టీ. చెక్ శాస్త్రవేత్త యాన్ పెన్యాజ్ 1973లో చూపించిన పద్ధతి ఇది: పట్టీ లోపలి చిన్న లైటు వేలి రక్తనాళం ఉబ్బడం కనిపెడుతుంటే, అది ఉబ్బకుండా పట్టీ క్షణక్షణం బిగుస్తూ వదులుతూ ఉంటుంది, ఆ బిగువే ప్రతి కొట్టుకోలుకూ బీపీ. వేలు కాస్త టిక్‌టిక్‌మని అదిరినట్టుంటుంది, కొంచెం నీలంగా మారొచ్చు, భయపడక్కర్లేదు. ఛాతీ మీద ఈసీజీ స్టిక్కర్లు కూడా పెడతారు కాబట్టి, బీపీ ఇంత మారితే గుండె కొట్టుకునే వేగం ఎంత మారిందో పక్కపక్కనే కనిపిస్తుంది. నాకు ఈ పరీక్షలో నచ్చేది అదే, రెండూ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఈలోపు ఇంట్లోనే ఒకటి చేయండి. ఆయన్ని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి రాసుకోండి, తర్వాత నిలబెట్టి, పక్కనే ఉండి, ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే అది లెక్కలోకి వచ్చే తగ్గుదలే. పై అంకె 30 పడినా నాడి 15 కూడా పెరగకపోతే నరాల మీద అనుమానం, నాడి బాగా పెరిగితే ఒంట్లో నీరు తగ్గిందేమో, మాత్రల మోతాదు ఎక్కువైందేమో చూడాలి. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే మాత్రం నాడి లెక్క నమ్మడానికి లేదు.

ఆ కాగితం డాక్టరుకు చూపించండి, సొంతంగా మాత్రలు ఆపొద్దు, ఏ మాత్ర తగ్గించాలో, ఏ పూట వేయాలో ఆయన చెబుతారు. మళ్ళీ క్యూలో కూర్చోవాల్సి వస్తే లేచే ముందు పాదాలు పైకీ కిందికీ పది పదిహేను సార్లు ఆడించమనండి, మొదటి తోపులాట అయ్యాక మెల్లగా లేవమనండి. స్పృహ తప్పి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా టెస్టు కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.