విప్పే ముందు ఈ ఉత్తరం చదువు, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. వేరే దేశం నుంచి వచ్చిన సెట్‌లో ఇక్కడి సిగ్నల్ రావట్లేదని, లోపల ఓ రెండు ఐసీలు, అదే చిప్‌లు, మార్చేస్తే చాలని అన్నావు చూడు, అచ్చం ఆ మాటే నీ వయసులో నేనూ అన్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు అసలు జబ్బేమిటో తేల్చుకో. సిమ్ వేయగానే అన్‌లాక్ కోడ్ అడిగితేనో, ఈ సిమ్ చెల్లదంటేనో అది సిమ్ లాక్, అంటే వేరేవాళ్ల సిమ్ పనిచేయకుండా ఆపరేటర్ వేసిన తాళం. దానికి సోల్డరింగ్‌తో, అంటే లోహం కరిగించి భాగాలు అతికించడంతో, పనే లేదు. ఆ ఫోన్ అమ్మిన ఆపరేటర్‌ని అడుగు. బకాయిలేమీ లేకపోతే చాలాచోట్ల వాళ్లే తీసేస్తారు. కెనడాలో 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి ఆపరేటర్లు లాక్ వేసిన ఫోన్లు అమ్మడానికే వీల్లేదు.

2007లో జార్జ్ హాట్జ్ అనే పదిహేడేళ్ల కుర్రాడు మొదటి ఐఫోన్‌ని విప్పి, సోల్డరింగ్ చేసి వేరే ఆపరేటర్ మీద నడిపించాడు. ఆ సెట్ ఇచ్చి ఒక కారు, ఇంకో మూడు ఐఫోన్లు తీసుకున్నాడు. ఆ కథ వింటే మనలాంటి వాళ్లకి చేతులు ఊరుకోవు. కానీ అతను తీసింది తాళం మాత్రమే. లోపలి రేడియో అప్పటికే ఆ రెండో నెట్‌వర్క్‌కి పనికొచ్చేదే.

నీకు నెట్ వచ్చి కాల్ మాత్రం వెళ్లకపోతే అది వోల్టీ గొడవ. 2జీ, 3జీ మూసేసిన చోట మాటలు కూడా 4జీ మీదే వెళ్లాలి, దాన్నే వోల్టీ అంటారు. ఫోన్‌లో ఆ ఆపరేటర్ సెట్టింగులు లేకపోయినా, ఆపరేటర్ ఆ మోడల్‌ని ఒప్పుకోకపోయినా కాల్ కలవదు. అది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తేలాల్సిందే తప్ప సోల్డర్‌తో తేలదు.

ఈ రెండూ కాకపోతే అప్పుడు బ్యాండ్, అంటే సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీల వరస. ఒకే పేరున్న ఫోన్‌ని ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకంగా తయారు చేస్తారు. మోడల్ నంబరు చివర ఒక్క అక్షరమే తేడా ఉండొచ్చు, లోపల మాత్రం రేడియో భాగాలే వేరు. నీ మోడల్‌లో ఉన్న బ్యాండ్లు, ఆపరేటర్ వాడే బ్యాండ్లు ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకో. ఒక్కటి కలిసినా ఎంతో కొంత సిగ్నల్ వస్తుంది. కలిసింది 2300 మెగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండ్ ఒక్కటే అయితే ఆరుబయట బాగానే ఉండి, ఇంట్లోకి రాగానే పోతుంది. అది ఫోన్ చెడిపోవడం కాదు.

ఒక్కటీ కలవలేదనుకో. అప్పుడైనా ఐసీ మార్చడం ఎందుకంత తేలిక కాదో చెప్తాను. బ్యాండ్ 3 తీసుకో. ఫోన్ 1710 నుంచి 1785 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతూ, అదే క్షణంలో 1805 నుంచి 1880లో వింటుంది. తన అరుపుకి తన చెవే గింగురుమనకుండా మధ్యలో డ్యూప్లెక్సర్ అనే చిన్న ముక్క అడ్డం ఉంటుంది, బియ్యపు గింజ కన్నా చిన్నది. బ్యాండ్ 28 అయితే 703–748లో మాట్లాడి 758–803లో వింటుంది. దానికి వేరే డ్యూప్లెక్సర్ కావాలి, చుట్టూ ఉండే కాయిళ్లు, కెపాసిటర్ల విలువలు మారాలి, సిగ్నల్‌కి బలమిచ్చే పవర్ యాంప్లిఫైయర్ కూడా ఆ ఫ్రీక్వెన్సీకి పనికొచ్చేదై ఉండాలి. యాంటెన్నా సంగతి సరేసరి. 1800కి పావు తరంగం నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు, 700కి పదిన్నర దాటుతుంది.

షీల్డ్ అనే రేకు మూత తీసి చూస్తే చాలా సర్క్యూట్ బోర్డుల మీద ఖాళీ ప్యాడ్లు, అంటే భాగాలు అతికించే చోట్లు, కనిపిస్తాయి. వేరే ప్రాంతం సెట్‌లో అక్కడ భాగాలుంటాయి, ఇందులో పెట్టలేదంతే. నన్ను ముంచినవి ఆ ఖాళీలే. పాడైన ఇంకో బోర్డు నుంచి భాగాలు పీకి, మైక్రోస్కోప్ కింద రెండు రాత్రులు కూర్చుని అతికించాను. ఆన్ చేస్తే నాలుగు గీతలు నిండుగా! కాల్ చేస్తే మాత్రం కలవదు. ఫోన్ వేడెక్కిపోతోంది, బ్యాటరీ దిగిపోతోంది. వారం తర్వాత గానీ బుర్రకి తట్టలేదు. గీతలు చెప్పేది ఫోన్‌కి టవర్ ఎంత బాగా వినిపిస్తోందో మాత్రమే. టవర్‌కి మనం వినిపిస్తున్నామా లేదా అన్నది ఆ గీతలకి తెలీదు. ఏ బ్యాండ్‌లో ఎంత పవర్ వదలాలో ఫ్యాక్టరీలో ఒక్కో ఫోన్‌నీ విడిగా కొలిచి దాని మెమరీలో రాస్తారు. నేను కొత్తగా పెట్టిన బ్యాండ్‌కి ఆ లెక్కలే లేవు. ఆ కొలిచే యంత్రాలు మన బల్ల మీద ఉండేవి కావు. పైగా లెక్క తప్పిన పవర్‌తో సిగ్నల్ వదిలితే పక్కవాళ్ల నెట్‌వర్క్‌కి అడ్డం పడతాం, అది నేరం కూడా.

2012లో వచ్చిన నెక్సస్ 4 ఫోన్ లోపల 4జీ చిప్ దాగి ఉండేది. దాచిన మెనూలో ఒక మీట నొక్కితే బ్యాండ్ 4 మీద పనిచేసేది. తర్వాతి అప్‌డేట్‌తో అదీ పోయింది. భాగాలు ముందే ఉంటే మీట చాలు. లేనప్పుడు అతికించినా చాలదు.

అయినా చెయ్యాలని ఉంటే మొత్తం బోర్డే మార్చు. అదే మోడల్‌లో నీకు కావలసిన ప్రాంతం రకానిది వెతుకు. దాని లెక్కలు, దాని ఐఎంఈఐ, అంటే ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు, దానితోనే వస్తాయి. అది దొంగ సెట్‌ది కాదని, పాత యజమాని అకౌంట్ లాక్ లేదని చూసుకునే డబ్బివ్వు. పాత ఐఎంఈఐని కొత్త బోర్డులో రాద్దామని ఎవడైనా సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయ్. చాలా దేశాల్లో అది జైలు వ్యవహారం, బ్రిటన్‌లో 2002 నుంచే చట్టం ఉంది. యాంటెన్నా ఫ్లెక్స్ అనే పల్చటి పట్టీ కూడా ఆ రకానిదే తీసుకో. వేలిముద్ర సెన్సర్ కొత్త బోర్డుతో కలవకపోవచ్చు, దానికి సిద్ధపడు.

విప్పగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యి. యాంటెన్నా తీగ చివర గుండీలా ఉంటుంది, దాన్ని పక్కకి లాగొద్దు. ప్లాస్టిక్ పుల్ల కింద పెట్టి నిలువుగా పైకి లేపు, టక్‌మంటుంది. బిగించేటప్పుడూ నిలువుగానే నొక్కు, మళ్లీ టక్‌మనాలి. ఆ గుండీ వంకరపోతే ఎంత మంచి బోర్డు వేసినా నో సర్వీసే. ఒకసారి విప్పాక నీళ్లు తట్టుకునే గుణం పోయినట్టే లెక్కేసుకో.

నన్నడిగితే ఆ ఫోన్‌ని అలాగే ఉంచి, ఇక్కడి బ్యాండ్లున్న చిన్న హాట్‌స్పాట్ డబ్బా జేబులో వేసుకుని దాని వైఫై వాడుకో అంటాను. నువ్వు వినవని తెలుసు.

సెట్టింగుల్లో ఫోన్ వివరాల దగ్గరున్న మోడల్ నంబరు ఫొటో తీసి పంపు. వెనక మూత మీద ఉన్నది వద్దు, మూతలు మారిపోతుంటాయి. ఆపరేటర్ పేరు కూడా రాయి. నేను బ్యాండ్లు చూసి చెప్పేదాకా సోల్డర్ కరిగించే ఆ హాట్ ఎయిర్ గన్ ప్లగ్గు తీసి ఉంచు.

నీ మామయ్య