ఆ అమ్మాయి ఏ చరణంలో బస్సు దిగింది?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

కథ చదివాను. బాగుంది. ఏ పత్రికకు పంపాలని అడిగావు, ఆ సంగతి మాత్రం నన్నడక్కు.

నన్ను కదిలించింది ఆ బస్సు. చేతిలో అమలాపురం టిక్కెట్టు ఉండగానే, ఒకప్పుడు తను ప్రేమించినవాడు పాడే పాటే డ్రైవరు పెడితే భరించలేక కొత్తపేటలో దిగిపోయిందే నీ కథలో అమ్మాయి, అక్కడ కాసేపు కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ వెంటనే ఒళ్ళు మండింది కూడా. రెండు పేజీల నిండా గుండె బరువు, కన్నీటి తెర, మధ్యలో పాట సాహిత్యం. చివర పెళ్ళిలో అదే పాట విని చిరునవ్వు నవ్వుతుంది! ఎందుకు నవ్వించావమ్మా? మనిషిని మర్చిపోయినంత మాత్రాన పాట బాగుపడిపోతుందా?

నా సంగతి విను. మా వీధిలో ఒకావిడ సంగీతం నేర్చుకునేది. హిందోళ రాగంలో రిషభం, పంచమం అనే స్వరాలు ఉండవని నాకు చెప్పింది ఆవిడే. ఆ రాగంలోని త్యాగరాజ కీర్తన 'సామజవరగమన' అందుకుందంటే కాలవ గట్టు మీద సైకిలు ఆపేసేవాణ్ణి. తర్వాత ఎవరి దారి వాళ్ళదయింది. మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గొంతులో హిందోళం వచ్చినా సరే, రేడియో కట్టేసేవాణ్ణి. రేడియో అంటే మన చేతిలో ఉంది. పెళ్ళి సన్నాయి మాటేమిటి? సఖినేటిపల్లి రేవులో పంటు మీద పక్కవాడి ఫోను మాటేమిటి? గోదారి మధ్యలో దిగి ఎక్కడికి పోతాం? విని తీరాల్సిందే. అలా వినగా వినగా తెలిసింది, కీర్తన మొత్తం పాడవలేదని. పల్లవి హాయిగానే వింటాను. అనుపల్లవి ఎత్తుకునే ముందు ఆవిడ చిన్నగా ఊపిరి తీసేది. ఎవరు పాడినా ఆ చోటికొచ్చేసరికి నాకు ఆ ఊపిరే వినపడుతుంది.

నీ కథలో లేనిది ఆ చోటే. నీ అమ్మాయి ఏ చరణంలో సీట్లోంచి లేచింది? అతను అక్కడేం చేసేవాడు? తాళం తప్పు వేసేవాడా, మాట మార్చి పాడేవాడా? అది రాస్తే గుండె బరువు సంగతి నువ్వు చెప్పక్కర్లేదు.

నేనిదంతా కథగా రాస్తే, ఒక వారపత్రిక ఎడిటరుగారు నాతో ఒక్క ముక్క చెప్పకుండా చివర ఇద్దరికీ పెళ్ళి చేసి అచ్చు వేశారు. పాఠకులు సంతోషిస్తారట. ఆవిడ భర్త చదివి ఉంటే నా గతేమిటి? ఆ ఎడిటరుగారు పోయారు గానీ ఆ పద్ధతి పోలేదు, ఇప్పుడు దాన్నే పాజిటివ్ ఎండింగ్ అంటున్నారు.

పెళ్ళి సీను కొట్టేసి, బస్సులోంచి మళ్ళీ రాయి. దిగాక ఆ ఎండలో ఇంకో బస్సు కోసం ఎంతసేపు నిలబడిందో, అందులో ఏ పాట వేశారో కూడా నాకు కావాలి.