యూరియా ఎప్పుడు వెయ్యాలి: సుధకి పెద్దమ్మ ఉత్తరం

సుధా,

నీ ఉత్తరం అందింది. కూలీలు దొరకడం లేదు కాబట్టి మొక్కజొన్నకి యూరియా అంతా విత్తేటప్పుడే వేసేద్దామనుకుంటున్నానని రాశావు. నీ ఇబ్బంది నాకు తెలియక కాదు. అయినా ఆ పని చెయ్యొద్దమ్మా. దాన్లో నీకు నష్టం ఉంది, నీ పొలం కింద నీళ్ళు తాగేవాళ్ళకి అంతకన్నా ఎక్కువ నష్టం ఉంది.

యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. తేమ తగిలిన కొద్ది రోజులకే అది నేలలో అమ్మోనియంగా మారుతుంది. అమ్మోనియం బంకమట్టికీ, సేంద్రియ పదార్థానికీ అంటుకుని ఉంటుంది, తేలిగ్గా కదలదు. చిక్కంతా ఆ తర్వాతే. నేలలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మార్చేస్తాయి. నేల వెచ్చగా, పదునుగా ఉంటే రెండు మూడు వారాల్లో చాలా భాగం అలా మారిపోతుంది. నైట్రేట్‌ని మట్టి పట్టి ఉంచలేదు. నీళ్ళు ఎటు పోతే అదీ అటే పోతుంది. వేళ్ళు అందుకోలేని లోతుకి దిగిపోయిందంటే ఇక నీ పంటకి దక్కదు, మెల్లగా భూగర్భ జలంలో చేరుతుంది.

ఇప్పుడు మొక్కజొన్న సంగతి చూడు. మోకాలెత్తు వచ్చేదాకా అది తనకి కావలసిన నత్రజనిలో పదో వంతు కూడా తీసుకోదు. అక్కడి నుంచి జల్లు (మొక్క కొసన వచ్చే మగపూత) వేసేదాకా ఉన్న ఆ నాలుగైదు వారాలే దాని అసలు ఆకలి. విత్తేటప్పుడు వేసిన యూరియా ఆ ఆకలికి ముందే నైట్రేట్ అయిపోయి, మొదటి పెద్ద వాన కోసం కాచుకుని ఉంటుంది. అందుకని విత్తేటప్పుడు కొద్దిగానే వెయ్యి, మూడో వంతుకి మించొద్దు. పెద్ద వాటా మోకాలెత్తులో, మిగతాది ఆ జల్లు వేసే ముందు. ఇసుక పాలు ఎక్కువున్న చెక్కలో అదే మోతాదుని ఇంకా చిన్న చిన్న వాయిదాలుగా విడదీసుకో. ఆ నేలలో నీళ్ళు నిలవవు, నైట్రేటూ నిలవదు.

కూలీల మాటకొస్తే, మోకాలెత్తులో ఎలాగూ కలుపు తీసి మట్టి ఎగదోయాలి కదా. ఎరువు ఆ రోజే పెట్టించు. మొక్క మొదలుకి కొంచెం ఎడంగా చాలు వెంట వేసి, వెంటనే మట్టి కప్పేయాలి. మనుషుల్ని వేరుగా పిలిచే పని ఉండదు. మట్టి కప్పితే ఇంకో లాభం: నేల మీద పైపైన పడి ఉన్న యూరియా ఎండకీ గాలికీ అమ్మోనియా వాయువై కొంతవరకు ఎగిరిపోతుంది, కప్పిన యూరియా అలా పోదు.

చాలామంది వాన వస్తోందని తెలిసి ముందు రోజు యూరియా చల్లుతారు. ఇది బాగా గుర్తుపెట్టుకో. 10, 15 మిల్లీమీటర్ల చిన్న వాన పడితే మంచిదే, ఎరువుని మెల్లగా లోపలికి దింపుతుంది. కుండపోత పడితే మాత్రం గట్టు తెంపుకుని కాలవలో కలుపుతుంది. అందుకని వాన వస్తుందా అని కాదు, ఎంత వస్తుందో చూసుకో. భారీ వర్షం కబురుంటే బస్తా విప్పకు, రెండు మూడు రోజులు ఆలస్యమైతే పైరు ఏమీ చావదు. నేల అప్పటికే నానిపోయి, కాలు పెడితే నీళ్ళు ఊరుతున్నా ఆగు. కాలవ గట్టుని ఆనుకుని నాలుగు బారల మేర ఎప్పుడూ ఎరువు చల్లకు, అక్కడ గడ్డి పెరగనీ. పశువుల ఎరువుకీ ఇదే మాట. అదీ నత్రజనే, వానల ముందు గుట్టలు పోసి వదిలేస్తే అదీ కాలవ పాలే.

వరి చెక్కలో లెక్క వేరు. నిండా నీళ్ళున్న మడిలో యూరియా చల్లితే కొంత గాలికీ, కొంత మడవకీ పోతుంది. నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లు, 36 నుంచి 48 గంటలు ఆగి పలుచగా నీళ్ళు పెట్టు, మడవ గట్టిగా కట్టెయ్యి. పిలకలు వేసేటప్పుడొక వాటా, అంకురం దశలో, అంటే లోపల వెన్ను పుట్టేటప్పుడు, ఒక వాటా. ఆకు రంగు పట్టిక దగ్గర పెట్టుకుని చూస్తే ఇంకా మేలు, ఆకు పచ్చగా ఉన్నప్పుడు పక్క మడివాళ్ళు వేస్తున్నారని నువ్వూ వేయకు. ఎరువు వేసిన రోజుల్లో మడిని నెర్రెలిచ్చేలా ఎండగట్టి మళ్ళీ ముంచొద్దు. ఎండితే నైట్రేట్ తయారవుతుంది, మునిగితే అది వాయువై పోతుంది. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్. వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే 270 రెట్లు పైమాటే.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, నైట్రేట్‌కి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నీళ్ళు తేటగానే ఉంటాయి. తాగే నీటిలో లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది దాటిన నీళ్ళతో డబ్బా పాలు కలిపి పడితే ఆరు నెలల లోపు పసిబిడ్డ రక్తం ప్రాణవాయువుని మోయలేక ఒళ్ళు నీలంగా మారే ప్రమాదం ఉంది. కాచితే పోతుందనుకుంటారు. పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. చెరువులో చేరితే నాచు విరగబడి పెరిగి, అది చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అంతా అయిపోయి చేపలు తేలతాయి. యూరప్‌లో 1991లోనే దీనికోసం చట్టం తెచ్చారు, నైట్రేట్ ముప్పున్న ప్రాంతాల్లో ఏడాదిలో కొంతకాలం కొన్ని రకాల ఎరువులు పొలంలో వేయకూడదని. చట్టం ఉన్నా లేకపోయినా మనం చేయాల్సిన పని అదే.

కోత అయ్యాక నేల ఖాళీగా వదలకు. మిగిలిపోయిన నైట్రేట్ ఆ ఖాళీ రోజుల్లోనే ఎక్కువగా కిందికి దిగుతుంది. వేళ్ళు లోతుగా దిగే గడ్డిజాతి పైరు ఏదైనా వెంటనే వెయ్యి, పట్టి పైకి తెస్తుంది.

ఈ వారమే నీ బావి నీళ్ళు పరీక్షకి పంపు. లీటరుకి 45 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉందని వచ్చిందనుకో, అందులో నత్రజని 10 మిల్లీగ్రాములు. ఎకరానికి 100 మిల్లీమీటర్ల నీళ్ళు పెడితే దాదాపు 4 కిలోల నత్రజని నువ్వు వేయకుండానే పొలంలో పడుతోంది. పంటకాలం మొత్తానికి 500 మిల్లీమీటర్లు పెట్టేదానివైతే 20 కిలోలు, అంటే 43 కిలోల యూరియాకి పైనే. రిపోర్టు రాగానే నాకు ఫోన్ చెయ్యి, చివరి వాటా యూరియాలో ఎంత తగ్గించాలో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.

మీ పెద్దమ్మ