సేవా వేలం బాధ్యత తలకెత్తుకున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

పిల్లల వైద్యనిధి కోసం మీ సంస్థ వేలం జరపబోతున్నదనీ, ఆ బాధ్యతను నీకే అప్పగించారనీ తెలిసి ఎంతో సంతోషించాను. నీ ఉత్తరంలో వేదిక గురించీ, ఆహ్వానపత్రాల గురించీ రెండు పేజీలు రాశావు కానీ, ఆ రోజు వేలంపాట పాడేది ఎవరన్న ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

వేలంలో ధరను తేల్చేది వస్తువును దక్కించుకున్న మనిషి కాదు, అతనితో చివరిదాకా పోటీపడి ఆగిపోయిన రెండో మనిషి. గెలిచిన వ్యక్తి ఎంత ఇవ్వడానికి సిద్ధపడి వచ్చినా, రెండో వ్యక్తి చేయి దించిన చోటే పాట నిలిచిపోతుంది. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో వెలువరించిన వ్యాసంలో వేలాల తీరును ఈ కోణం నుంచే విశ్లేషించాడు. 1996లో ఆయనకు నోబెల్ పురస్కారం రావడానికి ఆ కృషి కూడా ఒక కారణం. నాకు మాత్రం ఈ పాఠాన్ని ఒక తైలవర్ణ చిత్రం నేర్పింది. నేను మొట్టమొదట జరిపిన వేలంలో అందరం ఆ చిత్రం మీదే ఆశ పెట్టుకున్నాం. తీరా చూస్తే హాలులో దాన్ని నిజంగా కోరుకున్నవారు ఒక్కరే. ఆయన ప్రారంభ ధరకే చేయెత్తారు, మూడోసారి అనేవరకూ ఇంకో చేయి లేవలేదు. చిత్రాన్ని ఉచితంగా ఇచ్చిన కళాకారుడు ముందు వరుసలోనే కూర్చుని, ఒడిలోని కార్యక్రమ పత్రాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడుస్తూ ఉండిపోయాడు. లోపం చిత్రంలో లేదు, కొన్నవారిలోనూ లేదు. దాన్ని ఇష్టపడే రెండో మనిషిని వెతికి పిలవకపోవడం నా తప్పు.

అందుకే వస్తువుల జాబితా సిద్ధం కాగానే, ఒక్కోదాని ఎదురుగా దాన్ని కోరుకునే ఇద్దరి పేర్లు రాయడానికి ప్రయత్నించు. రాయలేకపోతే దాన్ని వేదిక మీదికి తీసుకురావద్దు. వేలంవెర్రి దానంతటదే పుడుతుందని నమ్ముకున్నవారిని చాలామందిని చూశాను, వారిలో ఎవరికీ ఆ నమ్మకం ఫలించలేదు.

వస్తువుల ఎంపికలో నాది ఒకటే కొలత: దుకాణంలో దొరికేదానికి దుకాణం ధర మించి ఇవ్వాలని ఎవరికీ అనిపించదు. ఎక్కడా కొనలేనిదానికే పాట పైకి వెళుతుంది. అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్ తనతో కలిసి భోజనం చేసే అవకాశాన్ని శాన్ ఫ్రాన్సిస్కోలోని గ్లైడ్ అనే సేవాసంస్థ కోసం 2000 నుంచి వేలానికి పెడుతూ వచ్చారు. 2022 నాటి పాటలో అది కోటీ తొంభై లక్షల డాలర్లు పలికింది. నీకు బఫెట్ దొరకనక్కరలేదు. ఒక మంచి సంగీత విద్వాంసుడు ఇంటికి వచ్చి గంటసేపు పాడతానన్నా, పేరున్న శిల్పి ఒక పూట తన పనిచోటును దగ్గరుండి చూపిస్తానన్నా చాలు. అమ్ముడైనదాంట్లో వాటా అడిగే వ్యాపారుల సరుకు మాత్రం తీసుకోవద్దు. అంకె పెద్దగా కనిపిస్తుంది కానీ నిధికి చేరేది స్వల్పం.

వేదిక మీది పాటకు పది వస్తువులు చాలు. అంతకు మించితే జనం గడియారాలు చూసుకోవడం మొదలుపెడతారు. అన్నిటికన్నా విలువైనదాన్ని ఆఖరుకు దాచుకోకుండా, అందరూ కుదురుకుని ఇంకా అలసిపోని మధ్య సమయంలో పాటకు పెట్టు. మిగిలినవాటిని బల్లల మీద ఉంచి, పక్కనే రాతపాట కాగితం, అంటే నోటితో కాకుండా రాసి పాడే పాటకు కాగితం, పెట్టు. ఆ కాగితం మీద గీతలు మాత్రమే గీసి వదిలేయకుండా, ప్రతి వరుసలో పాట మొత్తాన్ని ముందే అచ్చు వేయించు: వస్తువు విలువలో మూడో వంతుకో సగానికో మొదలై, ఒక్కో మెట్టుకు దాదాపు పది శాతం పెరుగుతూ పోవాలి. వచ్చినవారు తమకిచ్చిన పాటదారు సంఖ్య వేస్తే సరిపోతుంది. కలాన్ని దారంతో బల్లకు కట్టించు. కలం కోసం వెతుక్కుంటూ వెళ్లినవారు తిరిగి రాకపోవడం కళ్లారా చూసి చెబుతున్న మాట ఇది.

పాట నడిపే వ్యక్తికి గొంతు కన్నా చూపు ముఖ్యం. రెండోసారి అన్న తరువాత ఒక్క క్షణం ఆగి, ఆగిపోయిన పాటదారు వైపు మర్యాదగా చూడగలిగినవారిని ఎంచుకో. ఆ నిశ్శబ్దంలోనే చాలాసార్లు ఇంకో పాట పుడుతుంది. అయితే పాట పెంచడానికి మన మనుషులను జనంలో కూర్చోబెట్టి దొంగపాట పాడించవద్దు. మంచి పనికే కదా అని ఎవరైనా నచ్చజెప్పవచ్చు, నీవు ఒప్పుకోవద్దు. దాతకు ఒక్కసారి అనుమానం కలిగితే ఆ నిధి వైపు మళ్లీ చూడడు.

పాటలో ఓడినవారి జేబులో ఇద్దామని తెచ్చుకున్న డబ్బు అలాగే ఉంటుంది. అందుకని వస్తువుల పాట ముగియబోయే ముందు, ఏ వస్తువూ లేకుండా నేరుగా విరాళం అడుగు. ఎంత మొత్తంతో ఒక బిడ్డకు ఏ చికిత్స జరుగుతుందో చెప్పి, పెద్ద మొత్తంతో మొదలుపెట్టి చిన్న మొత్తానికి దిగిరా. మొదటి మొత్తానికి నిజంగానే ఇవ్వదలచిన ఒక దాతతో ముందే మాట్లాడి ఉంచు. మొదటి చేయి లేవడం కష్టం కానీ, ఆ తరువాతివి వాటంతటవే లేస్తాయి.

డబ్బు వసూలును ఆ రాత్రే పూర్తిచేయాలి. గెలిచినవారి పేరు, సంఖ్య, మొత్తం రాసుకునే పని ఇద్దరికి విడివిడిగా అప్పగించి, ప్రతి వస్తువు తరువాత ఆ రెండు కాగితాలనూ సరిపోల్చుకోమను. రసీదుపై వస్తువు మార్కెట్ విలువను కూడా రాయించు; అమెరికా, కెనడా వంటి దేశాలలో ఆ విలువకు మించి ఇచ్చిన భాగమే విరాళంగా లెక్కకు వస్తుంది. మీ దగ్గరి నియమాన్ని ఆడిటర్‌ను అడిగి ముందే తెలుసుకో.

జాబితా తయారయ్యాక నాకు ఒక ప్రతి పంపు. వస్తువుల పేర్ల పక్కన ఇద్దరిద్దరి పేర్లు కూడా రాసి పంపు. ఖాళీగా మిగిలిన చోట్ల ఎవరిని అడగాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

ఇట్లు,
మీ అన్నయ్య