వారానికి 14 పౌండ్లు, చేతిలో పానా

ప్రశ్న: ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ ఫిన్నీ ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచ్‌లు ఆడాడు కదా, అంతటివాడికి ప్లంబింగ్ పని ఎందుకు? ఇటలీ నుంచి పిలుపొచ్చినా ఎందుకు వెళ్లలేదు? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: 1938లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బు పిలిచినప్పుడు, ముందు ప్లంబింగ్ నేర్చుకోవడం పూర్తి చేయమని తండ్రి పట్టుబట్టాడు. ఆయన లెక్క తప్పలేదు. అప్పట్లో లీగ్ ఆటగాళ్ల జీతానికి పైకప్పు ఉండేది. 1952లో అది ఆట సాగే నెలల్లో వారానికి 14 పౌండ్లు, వేసవిలో 10. మ్యాచ్ గెలిస్తే మరో 2 పౌండ్లు, డ్రా అయితే 1. ఎంత గొప్ప ఆటగాడికైనా క్లబ్బు అంతకుమించి ఇవ్వకూడదు. అందుకే యుద్ధం ముగిశాక అన్నతో కలిసి ప్లంబింగ్ వ్యాపారం నడిపాడు.

1952లోనే ఇటలీలోని పలెర్మో క్లబ్బు చేరినందుకే 10,000 పౌండ్లు ఇస్తామంది. నెలకు 130 పౌండ్లు, ఇల్లు, కారు అదనం. ఆ 10,000 ఒక్కటే సుమారు 15 ఏళ్ల జీతం! ప్రెస్టన్ ఛైర్మన్ కుదరదన్నాడు, కథ అక్కడితో సరి. ఎందుకంటే ఒప్పందం గడువు తీరినా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలోనే ఉండేది. ఏటా సీజన్ అయ్యాక ఎవరిని ఉంచుకుంటోందో, ఎవరిని అమ్మకానికి పెడుతోందో క్లబ్బు జాబితా ఇచ్చేది. ఉంచుకునే జాబితాలో పేరుండి సంతకం పెట్టనంటే జీతం ఉండదు, వేరే క్లబ్బూ తీసుకోదు. 1950లో ఇంగ్లండ్ ఆటగాడు నీల్ ఫ్రాంక్లిన్ ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా పరిధిలో లేని కొలంబియాకు వెళ్లి ఆడాడు. తిరిగొచ్చాక సస్పెన్షన్ తప్పలేదు, ఇంగ్లండ్ జట్టులో మళ్లీ చోటూ దక్కలేదు. 1957లో జాన్ చార్ల్స్ ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు వెళ్లగలిగాడంటే, 65,000 పౌండ్లకు అతన్ని అమ్మడానికి అతని క్లబ్బు లీడ్స్ ఒప్పుకుంది కాబట్టే.

జీతం పైకప్పు 1961 జనవరిలో ఎత్తేశారు. ఫిన్నీ 1960 ఏప్రిల్‌లోనే ఆట మానేశాడు.

ప్రశ్న: 1952–53లో ప్రెస్టన్‌కు లీగ్ టైటిల్ ఎంతలో పోయింది? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పాయింట్లలో ఆర్సెనల్, ప్రెస్టన్ సమానం, చెరి 54. అప్పటి నియమం గోల్ సగటు, అంటే కొట్టిన గోల్స్‌ను ఇచ్చిన (ప్రత్యర్థులు కొట్టిన) గోల్స్‌తో భాగించాలి. ఆర్సెనల్ 97 కొట్టి 64 ఇచ్చింది: 1.516. ప్రెస్టన్ 85 కొట్టి 60 ఇచ్చింది: 1.417. మరో 6 గోల్స్ కొట్టి ఉంటే ప్రెస్టన్‌దే టైటిల్. లేదా 4 గోల్స్ తక్కువ ఇచ్చినా చాలు (85ని 56తో భాగించి చూడండి). ఈ పద్ధతిలో గోల్ కొట్టడం కన్నా ఆపడానికే విలువ ఎక్కువ. కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేసే ఇప్పటి తేడా లెక్కలో అయితే ఆర్సెనల్ 33కి ప్రెస్టన్ 25, ఆర్సెనల్‌ను దాటడానికి ఎటు చూసినా 9 గోల్స్ కావాలి.

ప్రశ్న: ఫిన్నీది ఏ స్థానం? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పుట్టుకతో ఎడమకాలి వాటం, ఆడింది ఎక్కువగా కుడి వింగ్‌లో, అంటే మైదానం కుడి అంచున. ఇంగ్లండ్ జట్టులో అదే చోట స్టాన్లీ మాథ్యూస్ కూడా ఉండేవాడు కాబట్టి ఇద్దరినీ ఆడించాలంటే ఫిన్నీని ఎడమకు పంపేవారు. 1947 మే నెలలో లిస్బన్‌లో అలాగే దింపి పోర్చుగల్‌ను 10–0తో ఓడించారు. చివరి ఏళ్లలో ప్రెస్టన్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గానూ (ముందు వరుస మధ్యలో) వాడుకుంది. 433 లీగ్ మ్యాచ్‌లు, 187 గోల్స్. వింగర్‌కు ఇది చాలా ఎక్కువే.